ప్రసవ గదిలో దీపం

పాఠ్యభాగము: లూకా 10:30–37



మంచి సమరయుని ఉపమానం తెలియనివారు మన సంఘాలలో లేరు. సండే స్కూలు పిల్లలు కూడా తప్పులేకుండా చెప్పగలరు. అయితే సమరయుడు చేసినవి మూడు పనులని గమనించండి. గాయపడినవానిని చూచి జాలిపడ్డాడు. తన దగ్గరున్న నూనె, ద్రాక్షారసం, వాహనం వాని కొరకు వాడాడు. మరునాడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. మొదటి రెండింటిని గూర్చి ప్రసంగాలు చాలా విన్నాం. మూడవదానిని త్వరగా దాటిపోతాం. ఈ మూడూ కలిసిన ఒక సేవను మన కాలంలోనే చూడవచ్చు.

1. చూచుట

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్‌లీ పట్టణంలో లారా స్టాచెల్ అనే డాక్టరు గారున్నారు. ఆమె ప్రసూతి వైద్యురాలు. వెన్నెముక జబ్బు వలన కాన్పులు చేసే వృత్తిని మానుకోవలసి వచ్చింది. ఆమె కృంగిపోయి ఇంట్లో కూర్చోక ప్రజారోగ్య శాస్త్రం చదవడం మొదలుపెట్టారు. ఆ చదువులో భాగంగా 2008లో ఉత్తర నైజీరియాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ తల్లులు కాన్పు సమయంలో ఎందుకు చనిపోతున్నారో పరిశీలించడం ఆమె పని.

మందుల కొరత ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. ఆమె చూచినది మరొకటి కూడా ఉంది. ఆపరేషన్ జరుగుతూ ఉండగానే కరెంటు పోయేది. రాత్రివేళ కిరసనాయిలు దీపం వెలుగులో, కొవ్వొత్తి వెలుగులో కాన్పులు జరిగేవి. తల్లికి రక్తం ఎంత పోతున్నదో, పుట్టిన బిడ్డ రంగు ఎలా ఉన్నదో ఆ మసక వెలుగులో ఎలా తెలుస్తుంది? ఫ్రిజ్ నడవకపోతే రక్తం నిల్వ ఉండదు. చేయి తిరిగిన మంత్రసాని ఉన్నా చీకటిలో ఏమి చేయగలదు?

యాజకుడు, లేవీయుడు కూడా గాయపడినవానిని చూచారు. చూచి ప్రక్కగా పోయారు. ఈ డాక్టరు గారు కూడా తన పరిశోధన వ్రాసుకొని ఇంటికి వెళ్లిపోవచ్చు. అలా చేయలేదు.

2. చేతిలో ఉన్నది ఇచ్చుట

ఆమె భర్త హాల్ ఆరన్సన్ గారు సౌరశక్తిని గూర్చి బోధించే ఉపాధ్యాయుడు. భార్య చెప్పిన సంగతులు విని, ఆ ఆసుపత్రికి సరిపడే సౌర విద్యుత్ ఏర్పాటుకు నమూనా తయారుచేశారు. శస్త్రచికిత్స గదికి, ప్రసవ గదికి దీపాలు, రక్తం నిల్వచేసే ఫ్రిజ్‌కు కరెంటు, డాక్టరును పిలిపించుకొనుటకు వాకీటాకీలు అందులో ఉన్నాయి. దానిని నైజీరియాలో చూపించుటకు ఒక చిన్న నమూనాను సూట్‌కేసులో పట్టేటట్లు అమర్చి ఇచ్చారు.

చూచిన ఆసుపత్రి సిబ్బంది ఆ చిన్న నమూనానే తమ దగ్గర విడిచిపెట్టమని అడిగారు. పెద్ద ఆసుపత్రిలో ఏర్పాటు జరిగిన తరువాత చుట్టుప్రక్కల చిన్న వైద్యశాలల వారు కూడా తమకు సూట్‌కేసు కావాలన్నారు. అలా "వీ కేర్ సోలార్" అనే సేవాసంస్థ మొదలైంది. పసుపురంగు పెట్టెలో బ్యాటరీ, ఎల్.ఇ.డి. దీపాలు, సెల్‌ఫోన్ చార్జింగ్, నుదుటికి కట్టుకొనే దీపం, గర్భంలోని బిడ్డ గుండె చప్పుడు వినే సాధనం ఉంటాయి. పైకప్పు మీద సౌర పలకలు బిగిస్తారు. 2015లో ఐక్యరాజ్యసమితి ఈ సంస్థకు 10 లక్షల డాలర్ల పురస్కారమిచ్చింది. లైబీరియా, ఉగాండా, సియెర్రా లియోన్ మొదలైన దేశాలలో వేలాది వైద్యశాలలకు ఈ పెట్టెలు చేరాయి.

వైద్యురాలి చేతిలో తన అనుభవం ఉంది. ఉపాధ్యాయుని చేతిలో తన విద్య ఉంది. వారు ఇచ్చినవి అవే.

3. తిరిగి వచ్చుట

సౌర దీపానికి కూడా ఆయుష్షు ఉంది. పలక చాలా ఏళ్లు పనిచేస్తుంది గాని బ్యాటరీ కొన్నేళ్లకు నీరసిస్తుంది. పలక మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది. ఒక తీగ ఊడితే చాలు, బాగుచేసేవారు లేక మొత్తం మూలపడుతుంది. కాబట్టి ఈ సంస్థ పెట్టె ఇచ్చి చేతులు దులుపుకోదు. నర్సులకు, మంత్రసానులకు వాడకం నేర్పిస్తుంది. స్థానిక పనివారికి బిగించడం, మరమ్మతు చేయడం నేర్పిస్తుంది. ఆ దేశపు ఆరోగ్య శాఖతో కలిసి పనిచేస్తుంది. సమరయుడు పూటకూళ్లవానితో మాట్లాడి వెళ్లిన పద్ధతి ఇదే కదా!

ఇది సంఘం నడిపే సేవ కాదు. మతప్రచార సంస్థ కూడా కాదు. అందుకు మనం అభ్యంతరపడనక్కరలేదు. ప్రభువు తన శ్రోతలకు మాదిరిగా చూపినది వారు దూరముగా ఉంచిన సమరయునినే.

అవసరం ఇంకా తీరలేదు. దాదాపు 100 కోట్ల మందికి చికిత్సచేసే వైద్యశాలలలో నమ్మకమైన కరెంటు లేదని, లేక అసలే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తెలిపింది. ఆ ఒక్క సంవత్సరంలోనే గర్భిణులు, బాలింతలు సుమారు 2,60,000 మంది చనిపోయారని కూడా లెక్క కట్టింది.

మన సంఘాల సంగతి ఆలోచిద్దాం. మన పెద్దలు విడిచి వచ్చిన ఊళ్లకు కుట్టుమిషను, మైకు సెట్టు, ఇన్వర్టరు పంపిస్తూ ఉంటాం. ఫోటో తీయించుకొని వందన సమర్పణ చేస్తాం. రెండేళ్ల తరువాత అది పనిచేస్తున్నదా అని అడిగేవారెవరు? మరమ్మతుకు కొంత సొమ్ము వేరుగా ఉంచామా? ఇచ్చిన వస్తువు చెడిపోయి మూలనున్నదంటే మన ప్రేమ సగం దారిలో ఆగిపోయినట్లే. ఈ సంవత్సరం క్రొత్త దానం చేయుటకు ముందు, పాత దానం ఎలా ఉన్నదో ఒక ఉత్తరం వ్రాసి తెలుసుకొందాం.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. సమరయుడు పూటకూళ్లవానికి మాట ఇవ్వకుండా వెళ్లిపోతే గాయపడినవాని గతి ఏమై ఉండేది?

2. అనారోగ్యం వలన గాని, వయసు వలన గాని పని మానినవారి చేతిలో సంఘానికి ఉపయోగపడేది ఏమి మిగిలి ఉంది?

3. గత ఐదు సంవత్సరాలలో మన సంఘం ఇచ్చిన వస్తువులలో ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఎన్ని? వాటిని చూచే బాధ్యత ఎవరికి అప్పగిద్దాం?

ప్రార్థనాంశము: ఈ రాత్రి వెలుగులేని గదులలో కాన్పు కొరకు వేచియున్న తల్లుల కొరకు, వారి ప్రక్కనున్న మంత్రసానుల కొరకు.