వెన్నెముక ఆపరేషను అయినవారు ఎట్లు కూర్చొనవలెను?



సోలాపూరు అశోక్ చౌక్ చుట్టుపట్ల మన తెలుగువారి ఇండ్లలో కుర్చీ అనునది చాలా కాలము అతిథి కొరకు ఉంచిన వస్తువు. మనము తినునది నేలమీద, కూరలు తరుగునది నేలమీద, పిల్లలు చదువుకొనునది నేలమీద, మన స్త్రీలు బీడీలు చుట్టునది నేలమీద. ఇట్టి ఇంటికి వెన్నెముక ఆపరేషను అయిన మనిషి వచ్చినప్పుడు, "నేలమీద కూర్చొనరాదు, వంగరాదు, బరువు ఎత్తరాదు" అని డాక్టరు చెప్పి పంపును. మరి ఎక్కడ కూర్చొనవలెను? ఎంతసేపు? మందులు వేళకు ఇచ్చుటలో ఇంటివారందరు జాగ్రత్తపడుదురు గాని, ఈ సంగతి మాత్రము రోగికే వదలివేయుదురు. ఈ నెల పాఠములో దానిని గూర్చి నేర్చుకొందము.

ముందు కారణము తెలిసికొనండి. నడుములో ఐదు పూసలు ఉన్నవి. పూసకు పూసకు మధ్య చిన్న దిండువంటి డిస్కు ఉన్నది. దాని లోపల జిగురువంటి పదార్థము, చుట్టును గట్టి నారల వలయము. ఆ వలయము చిరిగి లోపలిది వెనుకకు జారి నరమును నొక్కినప్పుడు పిరుదు మొదలుకొని పాదము వరకు నొప్పి లాగును. ఆపరేషనులో జారిన ముక్కను తీసివేయుదురు. వలయములోని చీలికను కుట్టుట సాధారణముగా ఉండదు. అది కొన్ని వారములలో తనంతట తానే మెల్లగా మానవలెను. పైన చర్మము మీది కుట్లు తీసివేసినంత మాత్రమున లోపల మానినదని అనుకొనకండి.

ఇప్పుడు కాళ్లు మడిచి నేలమీద కూర్చొన్న మనిషిని ప్రక్కనుండి చూడండి. కటి ఎముక వెనుకకు వాలును. నడుములో సహజముగా ఉండు లోపలి వంపు పోయి వీపు విల్లువలె అగును. అప్పుడు డిస్కు ముందు భాగము నొక్కబడి వెనుక భాగము సాగును. చీలిక సాధారణముగా ఉండునది ఆ వెనుక భాగమందే. బీడీలు చుట్టువారిలో అనేకులు కాళ్లు బారచాపి, ఒడిలో చాట పెట్టుకొని, తల వంచి కూర్చొందురు. నరము పట్టుకొనియున్నదో లేదో చూచుటకు డాక్టరు రోగిని బల్లమీద కూర్చుండబెట్టి, వీపు వంచుము, తల దించుము, మోకాలు చాచుము అని చేయించు పరీక్ష ఒకటి ఉన్నది. మన బీడీ పని కూర్చొను తీరు ఇంచుమించు ఆ పరీక్షయే. అయితే డాక్టరు ఒక్క నిమిషము చేయించును, మన స్త్రీలు దినమెల్ల చేయుచున్నారు.

ఈ భారమును కొలిచినవారు కూడ ఉన్నారు. స్వీడను దేశస్థుడైన ఆల్ఫ్ నాకెమ్సన్ 1960, 1970 దశకములలో డిస్కు లోపలి ఒత్తిడిని కొలిచి, నిలుచుండుటకంటె కూర్చొనుటయే నడుముకు ఎక్కువ భారమని చెప్పెను. ఆ మాట నేటికిని వినబడుచున్నది. 1999లో జర్మనీ దేశమందలి ఉల్మ్ పట్టణములో విల్కె అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక ఆరోగ్యవంతుని డిస్కులో చిన్న కొలత పరికరము ఉంచి ప్రచురించిన లెక్కలు వేరుగా ఉన్నవి. పడుకొన్నప్పుడు 0.1 మెగాపాస్కలు, నిలుచున్నప్పుడు 0.5, ఆనుకొనక మామూలుగా కూర్చొన్నప్పుడు 0.46, కుర్చీలో వెనుకకు జారగిలబడినప్పుడు 0.27. ముందుకు బాగుగా వంగి కూర్చొన్నప్పుడు 0.83. ఇరువది కిలోల బరువు వీపు వంచి ఎత్తినప్పుడు 2.3! ఒక్క మనిషి కొలతలే అయినను, ఆపరేషను లేని డిస్కు కొలతలే అయినను, మనకు కావలసిన సంగతి అందులో ఉన్నది. కూర్చొనుట తనంతట తాను శత్రువు కాదు. వంగి కూర్చొనుట వేరు, వీపుకు ఆనిక పెట్టుకొని కూర్చొనుట వేరు.

ఇక కుర్చీ. ఖరీదైనది అక్కరలేదు. సోఫా అసలే వద్దు; అది మెత్తగా దిగిపోయి మోకాళ్లు తుంటికంటె పైకి వచ్చును, లేచునప్పుడు ముందుకు వంగక తప్పదు. మంచము అంచు కూడ అంతే, ముఖ్యముగా నవారు మంచము. చేతులున్న గట్టి కుర్చీ మేలు. పాదములు రెండును నేలమీద పూర్తిగా ఆనవలెను. తుంటి మోకాళ్లతో సమానముగా గాని, రెండు వ్రేళ్లు ఎత్తుగా గాని ఉండవలెను. మన ఇండ్లలో ఉండు ప్లాస్టిక్ కుర్చీకి ఒక లోపమున్నది. దాని పీట వెనుకకు పల్లముగా ఉండును. సోలాపూరువారికి దీనికి మందు చేతిలోనే ఉన్నది: ఒక పాత చద్దరును గట్టిగా మడిచి పీట వెనుక భాగమున వేయండి, పల్లము సమమగును. ఒక టవలును చుట్టి, ముంజేయి లావున, నడుము వంపు దగ్గర వీపుకును కుర్చీకిని మధ్య పెట్టుకొనండి. అయితే ఆ చుట్ట గాయము మీదనే నొక్కుచున్నచో దానిని విప్పి పలుచగా పరచండి, లేదా కుట్లు మానువరకు మానివేయండి. పిరుదులు కుర్చీ వెనుకకు తాకువరకు జరిగి కూర్చొనవలెను. ముందర సగము అంచుమీద కూర్చొని వీపును వెనుకకు వాల్చినచో మధ్యలో నడుము గాలిలో వ్రేలాడును, టి.వి. చూచువారు చేయునది ఇదే.

మన ఇండ్లలో అసలు చిక్కు కుర్చీ దొరకకపోవుట కాదు. మామగారు నేలమీద చాపపై కూర్చొనియుండగా కోడలు కుర్చీలో కూర్చొనుట మనకు మర్యాదగా తోచదు. పెద్దలు ఏమియు అనకపోయినను ఆమెకే మనసొప్పదు. అందుచేత వారు ఉన్నంతసేపు నిలుచుండును, లేదా నొప్పి ఓర్చుకొని క్రిందనే కూర్చొనును. ఈ చిక్కును విప్పగలవారు పెద్దలే. "అమ్మా, నీవు కుర్చీలో కూర్చో" అని ఒకసారి కాదు, నాలుగు దినములు వరుసగా చెప్పవలెను. చుట్టాలు చూడ వచ్చినప్పుడు వారి ఎదుటను చెప్పవలెను. భోజనమునకు ఆమె కుర్చీ ముందర చిన్న బల్ల వేయండి. పళ్లెము ఒడిలో పెట్టుకొని తిన్నచో మెడయు వీపును వంగిపోవును.

ఎంతసేపు అను ప్రశ్నకు అందరికి ఒకే జవాబు లేదు. డిస్కు ముక్క తీసినవారికి మొదటి వారములో పదిహేను, ఇరువది నిమిషములు మించక, భోజనము వేళలలో కూర్చొనుమని సాధారణముగా చెప్పుదురు. తరువాత రెండు మూడు దినములకు ఐదు నిమిషముల చొప్పున పెంచవచ్చును. నడుము నొప్పి కొంచెము ఉండుట సహజము. కాలిలోనికి నొప్పి దిగినచో ఆ దినమునకు కూర్చొన్నది ఎక్కువైనదని తెలిసికొని లేవండి, నాలుగడుగులు నడవండి. ఒక డాక్టరు ఆరు వారములు జాగ్రత్త అనును, ఇంకొకరు రెండు వారములకే పనికి పొమ్మందురు. ఇది విని ఒకరిని తప్పుపట్టకండి. అమెరికాలో కారజీ అను సర్జను డిస్కు ఆపరేషను అయిన 152 మందికి ఏ నిబంధనలు పెట్టక చూచి, వారు త్వరగా పనికి పోగలిగిరని 1999లో వ్రాసెను. అయితే ఆ రోగులు నేలమీద కూర్చొని దినమునకు వేయి బీడీలు చుట్టువారు కారు! మీ ఆపరేషను చేసిన డాక్టరును అడుగునప్పుడు మీ పని ఎట్టిదో, ఎట్లు కూర్చొని చేయుదురో చూపించి అడగండి. "బీడీ పని" అని చెప్పినంత మాత్రమున ఆయనకు అర్థము కాకపోవచ్చును. టి.బి. వలన గాని, పూస జారుట వలన గాని స్క్రూలు, రాడ్లు వేయించుకొన్నవారి సంగతి వేరు. అక్కడ ఎముక ఎముకతో అతుకుకొనవలెను, దానికి నెలలు పట్టును; బెల్టు, కాలపరిమితి డాక్టరు చెప్పినట్లే. పొగ త్రాగుట ఆ అతుకును చెరుపును గనుక అట్టివారు బీడీ మానవలెను.

ఒక హెచ్చరిక ఇక్కడనే చెప్పుచున్నాను. కూర్చొను చోట, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినను, మూత్రము రాక నిలిచిపోయినను, తెలియకుండ పోవుచున్నను, పాదము ఎత్తలేక ఈడ్చుచున్నను తెల్లవారువరకు ఆగక ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. జ్వరము, గాయమునుండి నీరు గాని చీము గాని కారుట, ఒక పిక్క వాచి నొప్పి పుట్టుట కూడ డాక్టరుకు వెంటనే చూపించవలసినవే.

మంచముమీదనుండి లేచునప్పుడు తిన్నగా పైకి లేవరాదు. మోకాళ్లు మడిచి, భుజము తుంటి ఒకేసారి కదులునట్లు ప్రక్కకు దొర్లి, కాళ్లు క్రిందికి దింపుచు మోచేతితోను అరచేతితోను నెట్టుకొని లేవండి. కుర్చీనుండి లేచునప్పుడు అంచునకు జరిగి, పాదములు వెనుకకు తీసికొని, కుర్చీ చేతులను పట్టుకొని కాళ్ల బలముతో లేవండి.

మరుగుదొడ్డి సంగతి చెప్పుటకు మొగమాటపడుదురు గాని అక్కడనే చాలామంది బాధపడుచున్నారు. మన చాళ్లలో గొంతుకూర్చొను దొడ్లే ఎక్కువ. మధ్యలో రంధ్రమున్న కమోడు స్టూలు మందుల దుకాణములలోను, ఆసుపత్రి సామానుల దుకాణములలోను దొరకును. దానిని దొడ్డిమీద వేసికొనవచ్చును. ఒకరి తరువాత ఒకరు అనేక కుటుంబములు వాడు దొడ్డి అయినచో స్టూలును ఇంటిలో ఉంచుకొని తీసికొని పోవలెను, అది మోయువారు రోగి కారాదు. చెంబు వెనుకగాని ప్రక్కగాని కాక ఎదుట ఉంచండి. మలబద్ధకము కలుగనీయక నీళ్లు, బొప్పాయి, ఇసబ్గోలు వాడండి. ముక్కుట నడుముకు మంచిది కాదు.

ఆటోలో ఎక్కునప్పుడు ముందు పిరుదులు పెట్టి, తరువాత కాళ్లు రెండును కలిపి లోనికి త్రిప్పుకొనవలెను. పెండ్లి అనియు పండుగ అనియు సిరిసిల్లకో కరీంనగరుకో రాత్రి బస్సులో పోవుట మొదటి వారములలో వద్దు. తప్పనిసరి అయినచో బస్సుకంటె రైలు నయము; క్రింది బెర్తు తీసికొన్నచో పడుకొనవచ్చును, లేచి నడవవచ్చును. ఆదివారము ఆరాధనకు వచ్చువారికి చాపమీద స్థలము కాక, తలుపు దగ్గర వరుస చివర ఒక కుర్చీ వేయించుట సంఘ పెద్దల పని. మధ్యలో ఒకటి రెండుసార్లు లేచి వెలుపల నడిచి వచ్చినవారిని ఎవరును తిరిగి చూడకుందురు గాక! మోకాళ్లూనవలసిన చోట వారు నిలుచుండి ప్రార్థించవచ్చును.

మరమగ్గముమీద పనిచేయు సహోదరుల చిక్కు వేరు. వారు దినమంతయు నిలుచుందురు, తెగిన పోగు ముడివేయుటకు వంగుదురు, బీము ఎత్తుదురు. బీము మాత్రము డాక్టరు అనుమతించువరకు ముట్టకూడదు. షిఫ్టు మధ్య కూర్చొనుటకు కార్ఖానాలో ఎత్తైన స్టూలు ఒకటి ఉంచుమని యజమానిని అడగండి. చిత్రమేమనగా, మన తాతలు గుంట మగ్గము అంచున కూర్చొని కాళ్లు గుంటలోనికి దించినప్పుడు మోకాళ్లు కుర్చీలో ఉన్నట్లే ఉండెడివి. కాళ్లు మడుచుటకంటె నడుముకు అది మేలే, ముందుకు వంగుటయే అందులోని చెరుపు.

బీడీ పనికి తిరిగి పోవునప్పుడు నేలను మరచి బల్లకు రావలెను. కుర్చీలో కూర్చొన్నప్పుడు మోచేతి ఎత్తునకు వచ్చు బల్లమీద చాట పెట్టండి, కుర్చీని బల్లక్రిందికి జరుపుకొనండి. మొదట చేయి తిరగదు, లెక్క తగ్గును. పది పదిహేను దినములు ఓర్చుకొనవలెను. ఆకు కత్తిరించుట నిలుచుండి చేయవచ్చును గనుక, కొంతసేపు చుట్టుట, కొంతసేపు కత్తిరించుట మార్చి మార్చి చేయండి. గడియారము చూడనక్కరలేదు. ఎనిమిది గంటలకు వేయి చుట్టు చేతికి అరగంటకు అరువది పడును. ఇరువది అయిదింటి కట్టలు రెండు పూర్తియైనప్పుడు లేచి, వాకిలివరకు నడిచి రండి. ఆకు తడుపు బకెట్టు నీళ్లు, కంపెనీకి పోవు సంచి ఇంటిలో వేరొకరు ఎత్తవలెను. మొదటి నెల అయిదు వందలే అయినచో ఆ కూలితోనే ఇల్లు ఎట్లు నడుచునో ఆపరేషనుకు ముందే ఇంటివారు కూర్చొని లెక్క వేసికొనండి. తరువాత లెక్క వేసినచో ఆమె నొప్పి చెప్పక వేయి చుట్టును.