పిట్టలకు గుప్పెడు గింజలు

పెరట్లో పిట్టలు వాలితే ఇంటికి సందడి. పిచ్చుక, గోరింక, గువ్వ గింజలు ఏరుకుంటాయి. పికిలిపిట్ట పండును పొడుచుకు తింటుంది. మనం కూరపాదుల కోసం పెంచుకునే పెరడే వాటికి పొలం, వాటికి ఇల్లు.

పిచ్చుకకు ఇప్పుడు కష్టకాలం వచ్చింది. చూరున్న పెంకుటిళ్లు తగ్గిపోయాయి. స్లాబు ఇంట్లో గూడు పెట్టే సందు దొరకదు. 2010 నుంచి ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు. పిచ్చుకకు మేలు చేయడానికి ఆ ఒక్కరోజే చాలదు. రోజూ గుప్పెడు గింజలు, గిన్నెడు నీళ్లు కావాలి.

వరి కంకుల కుచ్చు

కోతలప్పుడు వరి కంకుల కుచ్చు కట్టి ఇంటి చూరుకి వేలాడదీయడం మన పల్లెల్లో పాత అలవాటు. గుళ్లో కూడా కడతారు. రెండు గుప్పిళ్ల కంకులు కాడలతో సహా తీసుకోండి. నీడలో ఆరనివ్వండి. కంకులు కిందికి ఉండేలా సమంగా పేర్చండి. కాడల్ని జడలాగా అల్లి, పురికొసతో గట్టిగా కట్టండి. పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో వేలాడదీయండి.

నూకల మేత

ఒక గుప్పెడు నూకలు, ఒక గుప్పెడు కొర్రలు లేదా సజ్జలు తీసుకోండి. నాలుగు పల్లీలు కచ్చాపచ్చాగా దంచి కలపండి. ఉప్పు వేయొద్దు. సాయంత్రానికల్లా అయిపోయేంతే పెట్టండి. మిగిలితే ఎలుకలు చేరతాయి. బూజు పట్టిన పల్లీలు పిట్టలకు పెట్టొద్దు. కోళ్లకు వేయొద్దు. మనమూ తినొద్దు.

పక్కనే వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి. లోతు రెండు అంగుళాలు చాలు. రోజూ పాతనీళ్లు పారబోసి, మూకుడు తోమి, కొత్తవి పోయండి. అప్పుడు దోమలు పెరగవు.

ఈ గింజలు వేయొద్దు

ఒక ఇంట్లో జొన్న విత్తనాలు కొన్ని మిగిలాయి. అత్త వాటిని చేటలో పోసింది.

“పారెయ్యడం ఎందుకే? పిట్టలకి చల్లు” అంది.

కోడలు రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. సంచి చేతిలోకి తీసుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

“ఉండండి అత్తయ్యా! తినడానికి వాడరాదు అని రాసుంది.”

“కాస్త ఎర్రగా ఉన్నాయి, అంతేగా! కడిగి వేద్దాం.”

“కడిగితే రంగు పోద్దేమో. విషం పోతుందన్న నమ్మకం లేదు. మన కోళ్లు కూడా ఇక్కడే తిరుగుతున్నాయి. పసివాడు నోట్లో పెట్టుకుంటే?”

అత్త చేటలోని గింజల్ని మళ్లీ సంచిలో పోసింది. మూతి కట్టి, పిల్లలకు అందని చోట పెట్టింది. చేట కడిగింది. చేతులు సబ్బుతో కడుక్కుంది.

కోడలు చెప్పింది నిజం. విత్తనాలకు పురుగు, తెగులు పట్టకుండా మందు కలుపుతారు. గుర్తు తెలియడానికి రంగు వేస్తారు. అలాంటి సంచి మీద “తిండికి, దాణాకి, నూనెకి వాడరాదు” అని హెచ్చరిక ఉండాలి. 1968 నాటి విత్తన నియమాలు ఈ మాట చెబుతున్నాయి. అలాంటి సంచిలో బియ్యం, పప్పులు పోయొద్దు. విత్తేటప్పుడు గట్టు మీద ఒలికిన గింజల్ని మట్టితో కప్పేయాలి. లేకపోతే పిట్టలు తింటాయి.

పురుగుమందు డబ్బా మీద గాలిపటం లాంటి గుర్తు ఉంటుంది. దాని కింది సగం రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం. తరవాత పసుపు. ఆ తరవాత నీలం. ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. ఆకుపచ్చ ఉన్నా అది మందే. తిండి దగ్గర పెట్టకూడదు.

పురుగు కూడా మేతే

పెద్ద పిచ్చుకలు గింజలు తింటాయి. గూట్లో పిల్లలకు మాత్రం ఎక్కువగా మెత్తని పురుగులు తెచ్చి పెడతాయి. వంకాయ పాదుకు పురుగు కనిపించగానే మందు కొట్టొద్దు. చేత్తో ఏరేయండి. కొన్నిటిని పిచ్చుకలే ఏరుకుంటాయి. అప్పుడు మన కూరకూ విషం అంటదు.

పిట్టకు వేసే గింజ పిల్లవాడి చేతికి కూడా అందుతుంది. అందుకే వేసేముందు సంచి మీది మాట చదవాలి.

చెప్పండి

1. వరి కంకుల కుచ్చు ఎక్కడ కట్టాలి? ఎందుకు?
2. రంగు వేసిన విత్తనాలు కడిగినా ఎందుకు వేయకూడదు?
3. పిచ్చుక పిల్లలు ఏం తింటాయి?

చేయండి

మీ ఇంట్లో ఉన్న విత్తనాల సంచి, మందు డబ్బా బయటికి తీయండి. వాటి మీది మాటలు చదవండి. హెచ్చరికను పలక మీద రాయండి. చదువురాని పక్కింటి వాళ్లకు చదివి వినిపించండి. తరవాత చేతులు కడుక్కోండి.