కుట్టిన చోటుకన్నా మనిషిని చూడండి

తొలకరి పడి పొలం పనులు మొదలయ్యాయంటే ఈ శీర్షికకు పురుగూ పుట్రా ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి కుట్టేవాటి గురించి వచ్చినవాటిలో కొన్ని ఒకచోట చేర్చాను. దాదాపు అందరూ అడిగింది ఒక్కటే: కుట్టిన చోట ఏం రాయాలి? కుట్టిన తర్వాత మనిషి ఎలా ఉన్నాడో మాత్రం ఒకరిద్దరే రాశారు. వైద్యుడికి ముందుగా కావలసింది ఆ సంగతే.

సారూ, నేను తాళ్లు గీస్తా. లొట్ల కాడికి కందిరీగలు బాగొస్తయి. ఇన్నేండ్లల్ల ఎన్నిసార్లు కుట్టినయో లెక్కలేదు. ఉబ్బుతది, తగ్గుతది. పోయిన నెల ఒక్కటే కుట్టింది. చెట్టు దిగేసరికి ఒళ్లంత దద్దుర్లు, అరచేతుల్ల దురద, కండ్లు తిరిగి పడిపోయిన. దవాఖానల సూది ఏసిన్రు, తగ్గింది. మళ్ల తాడెక్కొచ్చునా?
– గీత కార్మికుడు, నల్లగొండ జిల్లా

తమ్ముడూ, ముందుగా ఒక మాట. ఇన్నేళ్లూ నీకు జరిగింది వేరు, పోయిన నెల జరిగింది వేరు. కందిరీగ కుట్టిన చోట మంట, వాపు మామూలు. మర్నాటికి చెయ్యంతా పొంగినా వారం పది రోజుల్లో తీసేస్తుంది. చూడటానికి భయంగా ఉంటుంది గానీ దానివల్ల ప్రాణానికి ముప్పు రావడం అరుదు. కుట్టింది చేతిమీదైతే దద్దుర్లు పొట్టమీద, వీపుమీద లేవడం, పెదవులో నాలుకో వాచడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరిలో పిల్లికూతలు, వాంతి, కడుపులో మెలిపెట్టినట్టుండటం, కళ్లు తిరగడం మాత్రం అలాంటివి కావు. కుట్టిన చోటుకు దూరంగా ఒళ్లు ఇలా మారిందంటే అది అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన అలర్జీ. ప్రాణం పోయేది చాలావరకు మొదటి అరగంటలోనే.

ఇన్నిసార్లు కుట్టాయి కదా, ఒంటికి అలవాటై ఉండాలి కదా అని నీ సందేహం. నూట ఇరవై ఏళ్ల కిందట ఫ్రాన్సులో షార్ల్ రిషే, పాల్ పోర్టియే అనే ఇద్దరు శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. ఒక సముద్ర జీవి విషాన్ని కుక్కలకు కొద్దిగా ఎక్కించారు. అవి తట్టుకున్నాయి. కొన్ని వారాలు ఆగి అంతకన్నా తక్కువ విషం ఇస్తే నిమిషాల్లో కూలబడ్డాయి. మొదటిసారి వెళ్లిన విషం శరీరానికి కాపుదల ఇవ్వడానికి బదులు, రెండోసారి దాన్ని చూడగానే ఒళ్లంతా ఎదురుతిరిగేలా చేసింది. ఈ పరిశోధనకే రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. నీ ఒంట్లోనూ అదే జరిగింది. మళ్లీ కుడితే మళ్లీ అలాగే అయ్యే అవకాశం బాగా ఎక్కువ.

నీకు వేసిన సూది ఏమిటో చీటీలో చూడు. ఇలాంటప్పుడు ప్రాణం నిలిపేది అడ్రినలిన్. తొడ బయటివైపు కండలోకి వెయ్యాలి. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము. తేరుకోకపోతే అయిదు నిమిషాలకు మళ్లీ వెయ్యవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ ఉండే మందే ఇది, ఖరీదూ తక్కువే. ఎవిల్, సిట్రిజిన్ లాంటివి దద్దుర్లనూ దురదనూ తగ్గిస్తాయి తప్ప పడిపోయిన రక్తపోటును లేపలేవు, మూసుకుపోతున్న గొంతును తెరవలేవు. బిళ్ల వేసుకుని చూద్దాం అని కూర్చోవద్దు. సూదితో తేరుకున్నా వెంటనే ఇంటికి వెళ్లకు. కొన్ని గంటలకు లక్షణాలు తిరగబెట్టవచ్చు.

ఊళ్లలో తరచుగా జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పడిపోయిన మనిషిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టి మోటారు సైకిలు మీద తీసుకెళ్తారు. రక్తపోటు పడిపోయినవాడిని నిలబెట్టినా కూర్చోబెట్టినా గుండెకు చేరే రక్తం ఇంకా తగ్గి, దారిలోనే ప్రాణం పోవచ్చు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి. 108కి ఫోన్ చేయండి. అది ఆలస్యమయ్యేలా ఉంటే ఆటోలోనో ట్రాలీలోనో పడుకోబెట్టే తీసుకెళ్లండి. ఆయాసంగా ఉండి పడుకోలేకపోతుంటే మాత్రం వీపుకు ఆనిక పెట్టి కూర్చోబెట్టండి.

ఇక నువ్వడిగిన దానికి జవాబు. తాడెక్కొద్దని రాయడం నాకు తేలిక. ఇల్లు గడవాల్సింది నీకు. అలర్జీ చూసే వైద్యుడికి ఒకసారి చూపించుకునేదాకా మాత్రం ఎక్కకు. ఆ తర్వాత కూడా ఒంటరిగా వద్దు. కింద ఒక మనిషి ఉండాలి, వాళ్ల దగ్గర ఫోన్ ఉండాలి. అడ్రినలిన్ దగ్గర పెట్టుకోవడం గురించి, ఇంట్లో ఒకరికి ఆ సూది వెయ్యడం నేర్పించడం గురించి డాక్టరును నువ్వే అడుగు. రక్తపోటుకు అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బిళ్లలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పు. వాటిమీద ఉన్నవాళ్లలో అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. అలాగని నీ అంతట నువ్వు మానెయ్యకు. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నీకు అందకపోయి ఉంటే మీ సొసైటీలో గట్టిగా అడుగు. మోకు ఒక్కటే ఉన్నప్పుడు పైన స్పృహ తప్పితే పట్టు జారుతుంది. ఈ కవచం మనిషిని చెట్టుకే పట్టి ఉంచుతుంది.

అయ్యా, నేను ఉపాధి పనుల్లో మేటుని. చెరువు కట్టమీద కంప కొడుతుంటే పెద్ద రావిచెట్టు మీది తేనెపట్టు లేచింది. అందరం పరిగెత్తాం. ఒకాయన చెరువులోకి దూకి మునిగాడు, తల ఎత్తినప్పుడల్లా కుట్టాయి. ఆయనకు వందకు పైగా ముళ్లు తీశాం. ఆస్పత్రిలో సాయంత్రానికి పంపించేశారు. పక్కన కట్టేసిన ఎద్దు చచ్చిపోయింది. అప్పుడు ఏం చేసి ఉండాల్సింది?
– ప్రకాశం జిల్లా

చెట్టుకొమ్మలకూ కొండ చరియలకూ నీళ్ల ట్యాంకులకూ ఒకే పెద్ద పట్టుగా వేలాడేవి కొండ తేనెటీగలు. మన దేశంలో గుంపుగా మీదపడి మనుషుల ప్రాణం తీయగలిగినవి ముఖ్యంగా ఇవే. ఒక్క పట్టులో వేల ఈగలు ఉంటాయి. చెట్టు తొర్రల్లో ఉండేవీ, పొదల్లో చిన్న పట్టు పెట్టేవీ వీటి ముందు సాధువులు. కొండ తేనెటీగలు వలసజీవులు. పూత ఉన్నచోటికి వస్తాయి, అయిపోతే వెళ్లిపోతాయి. పోయినేడు లేని పట్టు ఈ ఏడు ఉండవచ్చు. అందుకే పని మొదలుపెట్టే రోజు పొద్దున్నే మేటు ముందుగా నడిచి, తల పైకెత్తి ప్రతి పెద్ద చెట్టునూ చూసి రావాలి. పట్టు కనిపిస్తే ఆ చుట్టుపక్కల కంప కొట్టడం, చెత్త తగలబెట్టడం, కింద బీడీ ముట్టించడం ఏవీ వద్దు. పని ఇంకోచోటికి మార్చండి. ఒక్కోసారి మన తప్పు లేకున్నా పట్టులోని పిల్లపురుగుల కోసం గద్ద దాన్ని తన్నిపోతుంది, కోపం కింద ఉన్నవాళ్ల మీద పడుతుంది.

ఈగ కుట్టినప్పుడు ముల్లుతోపాటు ఒక వాసన వదులుతుంది. బాగా మగ్గిన అరటిపండు వాసనలా ఉంటుంది. ఇక్కడ కుట్టండి అని మిగతా ఈగలకు అది కబురు. ఒంటిమీద ఈగను చరిచి చంపితే ఆ వాసన ఇంకా చిమ్ముతుంది. కాబట్టి చేతులు విసరవద్దు, తువ్వాలో కొంగో తలకూ మొహానికీ కప్పుకుని పరుగెత్తండి. వందల గజాలు తరుముతాయి, ఆగవద్దు. ఇల్లు, తలుపులున్న గది, అద్దాలు ఎత్తిన బండి, ఏది దగ్గరైతే దానిలోకి దూరండి. నీళ్లలోకి దూకకూడదు. ఊపిరి కోసం తల ఎత్తేదాకా అవి పైనే తిరుగుతుంటాయి. ఊపిరాడక మునిగిపోయే ప్రమాదమూ ఉంది.

మీ ఎద్దు సంగతి చదివి చాలా బాధపడ్డాను. కట్టేసిన పశువు పారిపోలేదు కాబట్టే చచ్చిపోయింది. పట్టు లేచిన తర్వాత పలుపు విప్పడానికి వెనక్కి వెళ్లమని ఎవరికీ చెప్పలేను. పట్టున్న చెట్టు దరిదాపుల్లో పశువును కట్టకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

చెరువులోకి దూకినాయన్ని ఆస్పత్రి నుంచి సాయంత్రానికే పంపేశారన్నారు. అది నాకు నచ్చలేదు. అలర్జీ లేనివాడికి కూడా విషం మోతాదు పెరిగితే అది వేరే రకంగా దెబ్బతీస్తుంది. కండరాలూ రక్తకణాలూ చితికి, ఆ చెత్త మూత్రపిండాలను మూసేస్తుంది. ఒంటి బరువు కిలోకు దాదాపు 20 కుట్లు ప్రాణాంతకమని లెక్క. పసిపిల్లలూ ముసలివాళ్లూ అంతకన్నా చాలా తక్కువకే పడిపోతారు. ఇది తెలిసేది ఆ పూట కాదు, మర్నాడో ఎల్లుండో. మూత్రం తగ్గినా, టీ డికాక్షన్ రంగులోకి మారినా వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. యాభైకి పైగా కుట్టినవాళ్లు మనిషి కులాసాగా కనిపించినా ఒక రోజు ఆస్పత్రిలో ఉండి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోవాలి. ఈ ఉత్తరం అచ్చయ్యేలోగా మీకు విడిగా జవాబు పంపాను. ఆయన ఆ పరీక్షలు చేయించుకుని ఉంటారని ఆశిస్తున్నాను.

తేనెటీగ ముల్లు గిల్లి తీస్తే విషం లోపలికి పోతుందండి, గీకే తియ్యాలి అంటారు. నిజమేనాండి? సున్నం, ఉల్లిపాయ రాయొచ్చాండి?
– ఒక గృహిణి, కోనసీమ

ఎలా తీశారన్నది కాదమ్మా, ఎంత త్వరగా తీశారన్నదే లెక్క. ముల్లుతోపాటు చర్మంలో ఉండిపోయిన విషపు తిత్తి ఈగ పోయాక కూడా కొట్టుకుంటూ లోపలికి పంపుతూనే ఉంటుంది. అర నిమిషంలో చాలావరకు దిగిపోతుంది. గోటితో గిల్లండి, గీకండి, వెంటనే తీయండి. కందిరీగ ముల్లు వదలదు, అందుకే ఒకటే పదిసార్లు కుట్టగలదు. తర్వాత సబ్బునీళ్లతో కడిగి చల్లని గుడ్డ వేయండి. చేతిమీద కుడితే వాపు రాకముందే ఉంగరం, గాజులు తీసేయండి. ఉల్లిపాయతో ఉపకారమూ లేదు, అపకారమూ లేదు. సున్నం చర్మాన్ని కాలుస్తుంది, వద్దు. కొబ్బరాకు కింద ఉండే ముళ్ల గొంగళిపురుగు తగిలితే మాత్రం రుద్దకుండా ప్లాస్టరు అంటించి లాగండి, నూగు దానితో వచ్చేస్తుంది.

సార్, వేరుశనగ కట్టె వామి వేస్తాంటే మా పాపను ఎర్రతేలు కుట్టింది. మా జేజి మంత్రం వేయించింది. పాప ఏడుపు మానింది గానీ ఒళ్లంతా చెమట పట్టి చేతులు చల్లబడినాయి. అనంతపురం తీసుకపోయినాం, మూడు దినాలు ఉంచుకుని పంపినారు. మంత్రం వల్ల నొప్పి తగ్గింది కదా, మరి అట్లెందుకయింది?
– అనంతపురం జిల్లా

తేలు పురుగు జాతిది కాదు, సాలీడు జాతిది. అయినా పొలంలో కుట్టేవాటిలో దీన్ని వదిలేయలేం. అరచేయంత ఉండే నల్ల మండ్రగబ్బను చూసి హడలిపోతాం, చిన్న ఎర్రతేలును చెప్పుతో కొట్టి మరిచిపోతాం. నిజానికి మనిషిని, అందులోనూ పిల్లల్ని చంపేది ఆ చిన్నదే. చాలా తేళ్ల విషం నొప్పితోనే ఆగిపోతుంది, కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గినవన్నీ మంత్రం ఖాతాలో పడ్డాయి. ఎర్రతేలు విషం గుండెను, రక్తనాళాలను పట్టుకుంటుంది. చెమట, చొంగ, వాంతులు, చల్లబడిన చేతులు, తర్వాత ఆయాసం. నొప్పి తక్కువగా ఉండి ఇవి కనిపిస్తే ఇంకా భయపడాలి.

మహారాష్ట్రలో మహాడ్ దగ్గర పల్లెల్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఇలాంటి పిల్లలు వరసగా చనిపోతుంటే పక్కనే కూర్చుని ప్రతి లక్షణం రాసుకున్నారు. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే చిన్న బిళ్ల ఈ విషం చేసే పనికి అడ్డుపడుతుందని 1980లలో చూపించారు. అంతకుముందు తీవ్రమైన కేసుల్లో వందకు ముప్పై మంది దాకా పోయేవారు. ఆ మందు వచ్చాక ఆ మరణాలు బాగా తగ్గిపోయాయి. ఆయనకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఇప్పుడు తేలు విషానికి విరుగుడు సూది కూడా ఉంది. మీరు పాపను తీసుకుపోయి మంచి పని చేశారు. జేజిని తప్పుపట్టొద్దు. మంత్రం వేసుకోవాలనుంటే ఆస్పత్రికి పోయే బండిలో వేసుకోమనండి.

మా మామిడి తోటలో బోరు దగ్గర కందిరీగల తుట్టె ఉంది. రాత్రిపూట పెట్రోలు పోసి కాల్చమంటున్నారు. రాత్రి వాటికి కళ్లు కనపడవు గదా?
– ఒక రైతు, నూజివీడు

వద్దండీ. చెట్టెక్కి చీకట్లో పెట్రోలు పోసి నిప్పు పెట్టేవాడికి కుట్టడం కన్నా కాలడం, పడటం పెద్ద ప్రమాదాలు. తేనెపట్టు విషయంలో అయితే రాత్రి అన్న భరోసా కూడా లేదు. కొండ తేనెటీగలు వెన్నెల రాత్రుల్లో పూలకు వెళ్లి వస్తాయి, టార్చి వెలుగు పడితే అటే వస్తాయి. మీ తుట్టె మనుషులు రోజూ తిరిగే దారిలో ఉంటే అగ్నిమాపక కేంద్రానికి చెప్పండి, లేదా ఆ పని తెలిసినవాళ్లను పిలవండి. తోట మూలన ఎవరికీ అడ్డం లేనిచోట ఉంటే ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి పాతి కూలీలకు చూపించి వదిలేయండి. కందిరీగలు తమ పిల్లలకు పెట్టేది ఎక్కువగా మీ పంటను తినే గొంగళిపురుగులనే. తేనెటీగలూ పంటకు మేలు చేసేవే: అంతర పంటగా దోసో గుమ్మడో వేసి ఉంటే, అవి రాకపోతే పిందె నిలవదు. మందు కొట్టాల్సి వస్తే సాయంత్రం, ఈగలు తిరగడం మానాక కొట్టండి.

మోటారు స్టార్టరు పెట్టెలో ఏదో పురుగు మట్టితో గూళ్లు కడుతోంది. కుడుతుందా?
– పేరు రాయని పాఠకుడు

అది ఒంటరిగా బతికే కందిరీగ. గూటిని కాపలా కాసే గుంపు దానికి లేదు. చేత్తో పట్టుకుంటే తప్ప దాదాపుగా కుట్టదు. భ్రమర కీట న్యాయమని మన పెద్దలు చెప్పుకున్నది ఇలాంటి గూటిని చూసే. లోపల పెట్టిన పురుగు తుమ్మెదగా మారిందనుకున్నారు. లోపల జరిగేది మరొకటి. తల్లి ఒక గొంగళినో సాలీడునో కుట్టి కదలకుండా చేసి గూట్లో దాచి దానిమీద గుడ్డు పెడుతుంది, గుడ్డు నుంచి వచ్చిన పిల్ల దాన్ని తిని పెరిగి బయటికి వస్తుంది. మీకు అసలు ప్రమాదం పురుగుతో కాదు, కరెంటుతో. ముందు ఫ్యూజులు తీసేయండి, ఆ తర్వాత పొడి కర్రతో గూళ్లు గీకేయండి.