తెల్లారుజామున పరుగు: తిని పోవాలా, ఖాళీ కడుపుతోనా?

ప్రశ్న: మాది బాగేపల్లి దగ్గర పల్లె. వయసు 22. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్నాను. తెల్లారి ఐదింటికి ఖాళీ కడుపుతో పరుగెత్తితే రెండో రౌండుకే కడుపులో తిప్పుతుంది. ఒక్కోసారి పసరు వాంతి కూడా అవుతుంది. తిని పోయిన రోజు ఇంకా ఎక్కువ. ఏమీ తినకుండానే పరుగెత్తాలని తోటివాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: తినకపోయినా వికారమే, తిన్నా వికారమే అంటున్నారు. దీన్నిబట్టే తిండి ఒక్కటే కారణం కాదని తెలుస్తోంది. ఊరికే కూర్చున్నప్పుడు గుండె పంపే రక్తంలో దాదాపు నాలుగో వంతు జీర్ణావయవాలకు పోతుంది. పరుగు మొదలవగానే ఆ రక్తం కాళ్ల కండరాలకూ చర్మానికీ మళ్లుతుంది. శ్రమ బాగా తీవ్రమైతే పేగులకు అందే రక్తం 80 శాతం దాకా తగ్గవచ్చు. అప్పుడు కడుపు ఖాళీ కావడం మందగిస్తుంది, లోపల ఉన్నది అక్కడే కదులుతుంది, ఆ ఇబ్బంది నరాల ద్వారా మెదడుకు చేరి ఓకరింపు వస్తుంది. 2001లో ‘అపెటైట్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ విషయాన్నే పరీక్షించింది. తేలికపాటి వ్యాయామం కంటే తీవ్ర వ్యాయామంలో వికారం ఎక్కువని, తిన్న వెంటనే చేస్తే అది మరింత పెరుగుతుందని తేలింది. మూలం శ్రమ తీవ్రతలో ఉంది. తిండి దాన్ని పెంచనూ గలదు, తగ్గించనూ గలదు. ఏం తిన్నాం, ఎంత తిన్నాం, ఎంతసేపు ముందు తిన్నాం అనేదాన్నిబట్టి ఫలితం మారుతుంది.

అందుకే తిండి కంటే ముందు మీకు చెప్పాల్సింది వేగం గురించి. నిద్రలేచి, ముఖం కడుక్కుని, నేరుగా మైదానానికి పోయి మొదటి రౌండే పరీక్ష వేగంతో పరుగెత్తితే శరీరానికి సర్దుకునే వ్యవధి ఉండదు. మొదట పది నిమిషాలు నడవండి. తర్వాత ఐదారు నిమిషాలు, పక్కవాడితో మాట్లాడగలిగేంత మెల్లగా పరుగెత్తండి. అప్పుడు వేగం పెంచండి. వారంలో రెండు రోజులు మాత్రమే పూర్తి వేగంతో 1600 మీటర్లు చాలు. మిగతా రోజులు మెల్లని పరుగే మేలు. కొన్ని వారాల క్రమమైన సాధనతో, మునుపు వికారం తెచ్చిన వేగమే శరీరానికి తేలికవుతుంది. పరుగు ముగియగానే చటుక్కున ఆగి కూలబడకండి, కొంతసేపు నడవండి. ఆఖరి గీత దాటాక వచ్చే వాంతులు దీనితో చాలావరకు తగ్గుతాయి.

ఇక తిండి. రాత్రంతా మనం నిద్రపోతున్నా మెదడుకు చక్కెర కావాలి కాబట్టి కాలేయం తన నిల్వను కరిగించి ఇస్తూ ఉంటుంది. తెల్లారేసరికి ఆ నిల్వ బాగా తరిగిపోతుంది. కండరాల్లోని నిల్వ మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఏడెనిమిది నిమిషాల పరుగుకు కండరాల నిల్వే చాలు కదా, మరి తినడం ఎందుకని మీ తోటివాళ్లు అడగవచ్చు. ఒక్క పరుగుకైతే ఆ మాట నిజమే. కానీ సాధన గంటసేపు సాగుతుంది. రాత్రి ఎనిమిదింటికి తిన్నవారికి అప్పటికి పది గంటల పస్తు అవుతుంది. కొందరికి ఆ స్థితిలో చేతులు వణకడం, కళ్లు తిరగడం, దానితోపాటే వికారం వస్తాయి. ఖాళీ కడుపులో ఊరిన ఆమ్లం, పరుగు కుదుపులకు గొంతులోకి ఎగదన్నడం ఇంకో కారణం. ఇలాంటివారికి కొద్దిపాటి తిండి మేలు చేస్తుంది.

ఆ కొద్దిపాటి తిండి అంటే 15 నుంచి 30 గ్రాముల పిండిపదార్థం, అంతే. రెండు చిన్న యాలక్కి అరటిపండ్లు, లేదా మూడు నాలుగు ఖర్జూరాలు, లేదా బెల్లం వేసి పలచగా కాచిన ఒక గ్లాసు రాగి అంబలి. పరుగుకు అరగంట ముందు తీసుకోండి, ఒక గ్లాసు నీళ్లు తాగండి. పలచని పదార్థం కడుపులోంచి త్వరగా దిగిపోతుంది. కొవ్వు, పీచు, మాంసకృత్తులు ఎక్కువున్నది ఆలస్యంగా దిగుతుంది. సంగటి, చెనక్కాయలు, నూనె దండిగా పోసిన చిత్రాన్నం, బోండాలు, చిక్కటి పాలు పరుగుకు ముందు వద్దనేది అందుకే. మన చిక్కబళ్లాపురం సీమలో రాగి సంగటి తిని కష్టం చేసేవాళ్లు లేరా అని మీరు అడగవచ్చు. సేద్యం గంటల తరబడి సాగే పని. అది నిలకడగా సాగుతుంది కాబట్టి జీర్ణానికి కావలసిన రక్తం అందుతూనే ఉంటుంది. ఊపిరి అందకుండా చేసే పరుగు తీరు వేరు. సంగటి, చెనక్కాయలు, గుడ్డు పరుగు తర్వాత తినండి; కండరాలు కోలుకోవడానికి అవి మంచి ఆహారం. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించండి. పరగడుపున కాఫీ టీలు ఆమ్లాన్ని పెంచుతాయి కాబట్టి వాటినీ పరుగు తర్వాతే తాగండి.

ఖాళీ కడుపుతో చేస్తే కొవ్వు కరుగుతుందన్న మాట కూడా గట్టిగా వినబడుతోంది. ఆ గంటలో శరీరం కొవ్వును ఎక్కువ వాడుకుంటుందనేది నిజమే. అయితే రోజు మొత్తం మీద ఆ తేడా సర్దుకుపోతుంది. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో 20 మంది యువతులను రెండు జట్లుగా చేసి, నాలుగు వారాలు వ్యాయామం చేయించారు. ఒక జట్టు తిని చేసింది, ఒకటి తినకుండా చేసింది. బరువు, కొవ్వు తగ్గడంలో రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అది చిన్న అధ్యయనమే. అయినా, వికారాన్ని ఓర్చుకుంటూ పస్తుతో పరుగెత్తితేనే ఫలితమన్న నమ్మకానికి ఆధారం లేదని చెప్పడానికి అది చాలు. పరగడుపున హాయిగా పరుగెత్తగలిగేవారు అలాగే సాగించవచ్చు. వంగి లేచే ఆసనాలకు ఖాళీ కడుపే మంచిదన్న పెద్దల మాట కూడా సరైనదే.

ప్రశ్న: మాది చింతామణి. వయసు 54. పదేళ్లుగా షుగరుంది, మాత్రలు వాడుతున్నాను. రోజూ తెల్లారి నడుస్తాను. ఆదివారాలు నంది కొండ మెట్లెక్కేటప్పుడు వికారంగా ఉంటుంది. అరటిపండు తినమంటున్నారు. షుగరు పెరగదా?

జవాబు: పైన చెప్పిన లెక్క మీకు యథాతథంగా వర్తించదు. ముందుగా మీ మాత్రల పేర్లు చూడండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చక్కెర పడిపోవడం అరుదు, అయితే ఆ మాత్రే కొందరికి వికారం తెస్తుంది. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి ఖాళీ కడుపుతో శ్రమపడితే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. బయల్దేరేముందు గ్లూకోమీటరుతో చూసుకోండి. ఇలాంటి మందులు వాడేవారికి 90 కంటే తక్కువుంటే 15 గ్రాముల పిండిపదార్థం తప్పనిసరి. అది మందులో భాగమనుకోండి. 250 దాటితే ఆ రోజు కొండ ఎక్కడం మానుకుని వైద్యుణ్ణి కలవండి. మామూలు అంకె ఉన్న రోజు చదునైన దారిలో అరగంట నడకకు ఏమీ తినకపోయినా ఫర్వాలేదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టేది షుగరు కాదు. నంది కొండ 1478 మీటర్ల ఎత్తు. సుల్తాన్‌పేట వైపు మెట్లు నిటారుగా ఉంటాయి. చదునులో లేని వికారం ఎక్కేటప్పుడు వస్తోందంటే అది గుండె హెచ్చరిక కావచ్చు. షుగరున్నవారిలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా, వికారం, ఆయాసం, చెమటలుగా మాత్రమే కనబడటం అరుదు కాదు. ఆడవాళ్లలోనూ అంతే. దీన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి సర్దుకుంటే విలువైన సమయం పోతుంది. వైద్యుడు పరీక్షించి, ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేసేదాకా మెట్ల జోలికి పోకండి. వికారంతో పాటు ఛాతీ బిగపట్టడం, దవడ లేదా ఎడమ చేయి లాగడం, స్పృహ తప్పినట్లు ఉండటం జరిగితే వెంటనే 108కి ఫోన్ చేయించండి.

మీ ఇద్దరికీ ఒకే మాట చెబుతాను. రెండు వారాలు ఒక పుస్తకంలో రాసుకోండి: రాత్రి ఎప్పుడు తిన్నారు, తెల్లారి ఏం తిన్నారు, ఎంతసేపటికి బయల్దేరారు, ఎంత వేగంతో పోయారు, ఎప్పుడు తిప్పింది. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి. నెమ్మదించినా, తిండి సర్దుకున్నా వికారం పోకపోతే ఆ పుస్తకం పట్టుకుని వైద్యుడి దగ్గరికి పోండి. బాగేపల్లి తమ్ముడికి ఇంకొక్క మాట: సాధనలో కడుపుకు పడిన తిండినే పరీక్ష రోజున కూడా తినండి, మైదానం దగ్గర ఎవరిచ్చినా కొత్త పానీయం ముట్టుకోకండి.