పెరుగుటకు చోటు

మన యూళ్లలో డాబా యిండ్ల కప్పు దాటి పైకి నిలిచియున్న యినుప కడ్డీలను చూడనివారుండరు. చేతనున్న సొమ్ముతో నిప్పుడు క్రింది యిల్లు కట్టుకొని, ముందుముందు మేడ వేసికొందమను ఆశతో గృహస్థుడు స్తంభముల కడ్డీలను అట్లు విడుచును. కాని కడ్డీలు విడిచినంతమాత్రమున మేడ లేవదు. దానిని మోయగల పునాది మొదటనే పడియుండవలెను. పైకి పోవు మెట్లకు చోటు మొదటనే ఉండవలెను. ఇవి మరచినవాని యింటిపై కడ్డీలు త్రుప్పుపట్టుచుండును.

ఇంగ్లండు దేశమున హడర్స్‌ఫీల్డు పట్టణమునకు క్రీడాప్రాంగణము విషయములో ఇట్టి చిక్కే వచ్చెను. అది యార్క్‌షైరులో ఉన్నిబట్టలకు పేరొందిన ఊరు. అచ్చటి ఫుట్‌బాల్ జట్టు 1908 నుండి లీడ్స్ రోడ్డు మైదానమున ఆడుచుండెను. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డు నగరములోని హిల్స్‌బరో మైదానమున జనసమ్మర్దమున నలిగినవారిలో 97 మంది ప్రాణములు కోల్పోయిరి. పెద్ద మైదానములలో నిలువబడి చూచు పద్ధతిని మాన్పించి, ప్రతి ప్రేక్షకునికి ఆసనము ఏర్పరుపవలెనని న్యాయమూర్తి టేలర్ 1990లో సిఫారసు చేసెను. పాత మైదానమును మార్చుటకంటె క్రొత్తది కట్టుటయే మేలని హడర్స్‌ఫీల్డువారికి తోచెను. అయితే వారి జట్టు అప్పుడు మూడవ శ్రేణిలో నుండెను. పెద్దది కట్టినచో అప్పులపాలగుదురు. చిన్నది కట్టినచో, జట్టు పైకి వచ్చిన నాడు చాలదు. అందుచే ఫుట్‌బాల్ సంఘము, రగ్బీ సంఘము, కిర్క్‌లీస్ స్థానిక ప్రభుత్వము భాగస్వాములై, ఒకే మైదానమున రెండు ఆటలును ఆడుకొనునట్లు ఏర్పాటు చేసికొనిరి.

లాబ్ సంస్థకు చెందిన వాస్తుశిల్పులు దీనికి నమూనా గీసిరి. ఆటను చూచువాడు మైదానపు నడిమి గీతకు ఎంత చేరువనుండిన అంత చక్కగా చూడగలడు. దూరపు మూలలలో కూర్చున్నవానికి బంతి సరిగా కానరాదు. కావున వారు మైదానమునకు నాలుగు ప్రక్కల నాలుగు స్టాండ్లను, నడుమ వెడల్పుగను చివరలకు సన్నముగను, నారింజ తొనలవలె రూపొందించిరి. మూలలను ఖాళీగా విడిచిరి. ఒక్కొక్క స్టాండు మీదుగా ఈ కొననుండి ఆ కొనకు ఒక పెద్ద ఉక్కు కమాను సాగును. పైకప్పును మోయునది అదే. కమాను కాళ్లు రెండు చివరలందే నేలకు ఆనును గనుక ప్రేక్షకుని కంటికి అడ్డువచ్చు స్తంభము ఒక్కటియు లేదు.

కమానుల సొగసును అందరును మెచ్చుకొందురు గాని, అసలు తెలివి మరియొకచోట నున్నది. ఏ స్టాండును ప్రక్కదానిపై ఆనుకొని నిలువలేదు. ఒక్కొక్కటి తనంత తాను పూర్తియైన కట్టడము. మైదానము చుట్టును ఒకే గిన్నెవలె కట్టి ఒకే కప్పు వేసియున్నచో సగములో ఆపుట కుదరదు. ఇక్కడ ఒకటి కట్టి, సొమ్ము చేకూరినపుడు మరియొకటి కట్టవచ్చును. కట్టినదానిని పగులగొట్టనక్కరలేదు, ఆటలను ఆపనక్కరలేదు.

మొదట పొడవు ప్రక్కల రెండు స్టాండ్లు లేచినవి: ఒకటి కోన్ నది వైపు, ఒకటి కిల్నర్ బ్యాంకు కొండ వాలు క్రింద. ఎక్కువమంది కోరు చోటులు అవే గదా! 1994 ఆగస్టు 20న తొలి పోటీ జరిగెను. గోలుల వెనుక రెండు ప్రక్కలను స్టాండ్లు లేవు. పాపము, ఆనాడు సొంత జట్టు వైకంబ్ జట్టు చేతిలో ఒక గోలుతో ఓడెను. ఆ డిసెంబరులోనే దక్షిణపు స్టాండు తెరచిరి. 1995లో బ్రిటిష్ వాస్తుశిల్పుల రాజసంస్థ దానిని ఆ సంవత్సరపు మేటి కట్టడముగా ఎన్నుకొనెను. నాలుగవ స్టాండు అప్పటికింకను లేదు. జట్టు కూడ ఆ యేడే రెండవ శ్రేణికి ఎక్కెను. 1998 నాటికి ఉత్తరపు స్టాండు పూర్తియై, ఇరువదినాలుగు వేలమందికి పైగా కూర్చుండుటకు వీలు కలిగెను.

ఈ పద్ధతికి లోపము లేకపోలేదు. ఖాళీ మూలలనుండి చలిగాలి లోనికి వచ్చును. కమాను ఒకసారి కప్పిన పిదప స్టాండును ఇంకను ఎత్తు పెంచుట సులభము కాదు. పక్కకు పెరుగుటయా, పైకి పెరుగుటయా అనునది తొలి గీత గీయునాడే తేల్చుకొనవలసిన మాట; హడర్స్‌ఫీల్డువారు పక్కకు పెరుగుటనే ఎంచుకొనిరి. 45 ఏండ్ల పిదప 2017లో వారి జట్టు ఆ దేశపు మొదటి శ్రేణికి మరల చేరినపుడు, ఆటలు ఆ నాలుగు కమానుల నడుమనే జరిగినవి.