ఆక్సీకరణ సంఖ్య: లెక్క సరే, బొమ్మ ఏదీ?

ఇంటర్ పిల్లలకు చాలాకాలం రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. ఆక్సీకరణ సంఖ్యల దగ్గర తడబడేవాళ్లలో లెక్క రానివాళ్లు తక్కువ. ఫార్ములా చూడగానే ఎక్స్ పెట్టి సమీకరణం కట్టేసేవాళ్లే ఎక్కువ. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

1. ఆక్సీకరణ సంఖ్య నిజమైన ఆవేశం కాదు. బంధంలోని ఎలక్ట్రాన్లను ఋణవిద్యుదాత్మకత ఎక్కువున్న పరమాణువు పద్దులో పూర్తిగా జమకట్టి వేసే లెక్క. పర్మాంగనేట్‌లో మాంగనీస్ +7 అంటే అది ఏడు ఎలక్ట్రాన్లు వదిలేసుకుందని కాదు. బంధం ఒకే మూలకపు పరమాణువుల మధ్య ఉంటే ఎలక్ట్రాన్లు చెరిసగం. ఆ బంధం వల్ల ఎవరి సంఖ్యా మారదు. ఈ ఒక్క మాట గట్టిగా పట్టుకోండి.

2. నియమాలకు వరస ఉంది. ముందు ఫ్లోరిన్, సమ్మేళనాల్లో అది ఎప్పుడూ −1. తర్వాత క్షార లోహాలు, క్షారమృత్తిక లోహాలు, ఆపైన హైడ్రోజన్, ఆఖర్న ఆక్సిజన్. ముందున్నదాని మాటే చెల్లుతుంది. అందుకే సోడియం హైడ్రైడ్‌లో హైడ్రోజన్ −1, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ −1, ఆక్సిజన్ డైఫ్లోరైడ్‌లో ఆక్సిజన్ ఏకంగా +2.

3. అసాధ్యమైన జవాబు వస్తే అణు నిర్మాణం బొమ్మ గీయండి. ఆమ్లం కలిపిన డైక్రోమేట్ ద్రావణంలో ఈథర్ పోసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే పై పొర ముదురు నీలంగా మారుతుంది. ల్యాబ్‌లో పిల్లలు నోరెళ్లబెట్టి చూసే రంగు అది. ఆ నీలం పదార్థంలో ఒక క్రోమియానికి ఐదు ఆక్సిజన్లు. ఒక్కో ఆక్సిజన్‌కు −2 చొప్పున గుడ్డిగా లెక్కేస్తే క్రోమియానికి +10 వస్తుంది. క్రోమియం దగ్గర బంధాలకు పనికొచ్చే ఎలక్ట్రాన్లే ఆరు, పది ఎక్కణ్ణుంచి తెస్తుంది? బొమ్మ గీస్తే సీతాకోకచిలుక ఆకారం కనిపిస్తుంది. నాలుగు ఆక్సిజన్లు జంటలుగా పెరాక్సైడ్ బంధాల్లో ఉన్నాయి, ఒక్కోటి −1. ఐదోది −2. మొత్తం −6, కాబట్టి క్రోమియం +6. డైక్రోమేట్‌లోనూ +6 కదా, అంటే ఇక్కడ క్రోమియం ఆక్సీకరణం చెందనే లేదు! లెక్క తప్పితే చర్య స్వభావమే తప్పుగా అర్థమవుతుంది.

4. భిన్నం వస్తే చాలాసార్లు అది సగటు. మాగ్నటైట్‌లో ఇనుముకు 8/3 వస్తుంది. నిజానికి ఒకటి +2, రెండు +3. అలాగని భిన్నమన్నదల్లా సగటే అనుకోకండి. పొటాషియం సూపరాక్సైడ్‌లో రెండు ఆక్సిజన్లూ అచ్చంగా ఒకేలాంటివి, ఒక్కోదానికి −1/2.

5. పూర్ణాంకం వచ్చిందని మురిసిపోవద్దు. అమ్మోనియం నైట్రేట్‌లో నైట్రోజన్‌కు సగటు +1. దాన్ని జాగ్రత్తగా వేడిచేస్తే వచ్చే నైట్రస్ ఆక్సైడ్‌లోనూ సగటు +1. మరి ఏమీ జరగలేదనాలా? అయాన్లుగా విడగొట్టి చూడండి: అమ్మోనియంలో −3, నైట్రేట్‌లో +5. ఒకటి ఎలక్ట్రాన్లిచ్చింది, ఇంకొకటి పుచ్చుకుంది. షార్ట్‌కట్లు నేర్పేవాళ్లు ఈ సంగతి ఎందుకో చెప్పరు.

6. ఇక మీ వంతు. బ్లీచింగ్ పౌడర్‌లో ఒక కాల్షియం, ఒక ఆక్సిజన్, రెండు క్లోరిన్లు. క్లోరిన్‌కు సున్నా వచ్చిందంటే బొమ్మ గీయలేదన్నమాట. ఒకటి −1, రెండోది +1 వచ్చేదాకా మళ్లీ చేయండి.