పాత రేడియో - దొరకని పార్టులు

మీ ఇంట్లో అటక మీద పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉందా? ఉంటే దించండి. దుమ్ము తుడవండి.

ఒకప్పుడు పెళ్లిలో అల్లుడికి సైకిలు, వాచీ, రేడియో పెట్టేవాళ్లు. కన్నవాళ్లు అప్పు చేసి కొన్న రేడియోలు అవి. పేరు అల్లుడిది, అప్పు మనవాళ్లది! అలాంటి రేడియోను రిపేరు షాపుకు తీసుకుపోతే, "దీని పార్టులు ఇప్పుడు రావమ్మా. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యి" అంటారు.

ఆ మాట కొంత నిజం. కొంత కాదు. ఏ పార్టు రాదు? ఏ పార్టు వస్తుంది? ఇది తెలిస్తే మనం ఎదురు అడగవచ్చు.

ముందుగా బ్యాటరీలు పెట్టే చోటు చూడండి. అక్కడి స్ప్రింగుకు పచ్చగానో, తెల్లగానో చిలుం పట్టి ఉంటుంది. బ్యాటరీలు కారిపోతే అలా అవుతుంది. గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, కొత్త బ్యాటరీలు వెయ్యండి. కొన్ని రేడియోలు దీనితోనే పలుకుతాయి. వాల్యూం తిప్పితే గరగర అంటుందా? అది లోపల పట్టిన దుమ్ము. శుభ్రం చేస్తే చాలు. ఈ రెంటికీ కొత్త పార్టు అక్కర్లేదు.

ఇక మూత విప్పుదాం. కరెంటుతో కూడా నడిచే రేడియో అయితే ముందు ప్లగ్గు పీకండి.

లోపల చిన్న చిన్న గొట్టాల్లాంటివి కనిపిస్తాయి. వాటి మీద అంకెలుంటాయి. అవి కండెన్సర్లు. కండెన్సరు కరెంటును కాస్త దాచుకుని, సమంగా అందిస్తుంది. దాని లోపల సన్నని అల్యూమినియం రేకు, తడి కాగితం చుట్టి ఉంటాయి. ఏళ్లు గడిస్తే ఆ తడి ఆరిపోతుంది. అప్పుడు రేడియో గొంతు పీలగా వస్తుంది. లేదా డుగుడుగుమని మోత పెడుతుంది. పాత రేడియోల్లో ఎక్కువగా చెడేది ఇదే. ఇది బజారులో దొరుకుతుంది. ఖరీదు కూడా తక్కువే.

కండెన్సరు మీద రెండు అంకెలు చదవాలి. ఒకటి మైక్రో ఫారడ్లు. రెండోది వోల్టులు. కడవతో పోల్చి చూడండి. మైక్రో ఫారడ్లు అంటే కడవలో పట్టే నీళ్లు. వోల్టులు అంటే కడవ గట్టితనం. నీళ్లు అంతే పట్టాలి. గట్టితనం అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి. తక్కువ ఉండకూడదు.

పాత కండెన్సరు మీద 50 మైక్రో ఫారడ్లు, 10 వోల్టులు అని ఉందనుకోండి. ఇప్పుడు షాపులో 50 అడిగితే లేదంటారు. 47 అడగండి. 250కి బదులు 220 వెయ్యవచ్చు. ఈ కొద్ది తేడా రేడియోకు పట్టదు. 10 వోల్టులకు బదులు 16 వోల్టులది వేసినా మంచిదే. కొత్తది పాతదానికన్నా చిన్నదిగా ఉంటుంది. "ఇంత చిన్నది పనిచేస్తుందా?" అని అనుమానం వద్దు. అంకెలు చూడండి, సైజు కాదు.

కండెన్సరుకు ప్లస్ కాలు, మైనస్ కాలు ఉంటాయి. కొత్తవాటికి మైనస్ వైపు ఒక చార గీసి ఉంటుంది. తిరగేసి పెడితే వేడెక్కి పగిలిపోతుంది.

నిజంగా దొరకడం కష్టమైనది ట్రాన్సిస్టరు. రేడియోకు ఆ పేరు వచ్చింది దీనివల్లే. 1947లో అమెరికాలో మొదటి ట్రాన్సిస్టరును జెర్మేనియం అనే పదార్థంతో చేశారు. మన పాత రేడియోల్లో ఏసీ 128, ఏఎఫ్ 117 లాంటి నంబర్లున్నవి జెర్మేనియంవే. తర్వాత సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చాయి. పాతవాటి తయారీ ఆగిపోయింది.

"సిలికాన్‌ది వేసేస్తాను" అని మెకానిక్ అంటే ఒక ప్రశ్న అడగండి. "దానికి తగ్గట్టు రెసిస్టర్లు కూడా మారుస్తావా, అన్నా?" జెర్మేనియం మేల్కోవడానికి సుమారు 0.2 వోల్టు చాలు. సిలికాన్‌కు 0.6 వోల్టు కావాలి. రెసిస్టర్లు మార్చకుండా ఊరికే వేస్తే మాట చీలిపోయి వస్తుంది. అంతకన్నా అదే నంబరు ట్రాన్సిస్టరును ఇంకో పాడైన రేడియోలోంచి తీసి వేయించడం మేలు. స్పీకరును నడిపేవి సాధారణంగా జంటగా ఉంటాయి. ఒకటి పోతే రెండూ మార్చాలి. టంకం వేడికి జెర్మేనియం త్వరగా పాడవుతుంది. అందుకే దాని కాలును పటకారుతో పట్టుకుని టంకం పెట్టాలి.

ఏఎఫ్ 117 సంగతి వింతగా ఉంటుంది. దానికి నాలుగు కాళ్లు. దాని లోహపు డబ్బా లోపల తగరం మీసాలు మొలుస్తాయి! అవి వెంట్రుకకన్నా సన్నం. ఆ మీసం లోపలి తీగకు తగిలితే రేడియో మూగబోతుంది. తట్టితే ఒక్కోసారి పలుకుతుంది. నాలుగు కాళ్లలో ఒకటి డబ్బాకు కలిసి ఉంటుంది. తెలిసిన మెకానిక్ ఆ ఒక్క కాలు కత్తిరిస్తాడు. చాలాసార్లు రేడియో మళ్లీ పాడుతుంది. కొత్త పార్టు ఖర్చే లేదు.

పెద్ద చెక్కపెట్టె రేడియో జోలికి మాత్రం పోకండి. అందులో గాజు వాల్వులుంటాయి. 200 వోల్టులకు మించిన కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకిన తర్వాత కూడా కండెన్సర్లలో మిగిలి ఉంటుంది. ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. అది తెలిసినవాళ్లే విప్పాలి.

షాపులో ఇచ్చే ముందు కాగితం మీద ఇలా రాసుకోండి: రేడియో పేరు. మోడల్ నంబరు. ఇచ్చిన తేదీ. తిరిగి తీసుకునేటప్పుడు మార్చిన పాత పార్టులు అడిగి తెచ్చుకోండి. వాటి మీది నంబర్లు, బిల్లులో రాసినవి ఒకటేనా, చదివి చూడండి.

ఇంకో మాట. ఆకాశవాణి కొన్ని ఊళ్లలో మీడియం వేవ్ ప్రసారం ఆపేసింది. ఎఫ్.ఎం. లేని పాత రేడియోకు మీడియం వేవే ఆధారం. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టకముందే, పక్కింటివాళ్ల రేడియోలో మీడియం వేవ్ పెట్టి, మీ ఊళ్లో ఏ స్టేషను వస్తుందో పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి విని చూడండి.